పాడైన పోస్టల్ బ్యాలెట్‌కు రెండో కాగితం
(సోలాపూర్ గేటు మీటింగు ప్రసంగ పాఠం)



మిల్లులో పనిచేసే మనం పోలింగు నాడు బూతుకే వెళ్లి ఓటేస్తాం. మన ఇళ్లలో చదువుకుని పంతుళ్లు, గుమాస్తాలు అయిన పిల్లలకు మాత్రం ఎన్నికల డ్యూటీ పడుతుంది. చాలామందికి పోస్టల్ బ్యాలెట్టే గతి. 2023లో నియమం మారింది. ఇప్పుడు దాన్ని ఫెసిలిటేషన్ సెంటర్లోనే తీసుకుని, అక్కడే ఓటేసి, అక్కడే అప్పగించాలి.

తొందరలో సిరా ఒలుకుతుంది, కాగితం చిరుగుతుంది. పోగు తెగితే ముడివేసి మగ్గం నడిపే చేతులు మనవి. బ్యాలెట్ దగ్గర ఆ పని వద్దని పిల్లలకు చెప్పండి. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 26వది ఉంది. పొరపాటున పాడైన కాగితాలు తిరిగిచ్చి, అది పొరపాటేనని రిటర్నింగ్ అధికారిని ఒప్పిస్తే రెండో సెట్టు ఇవ్వాలి. 'ఇవ్వవచ్చు' అని లేదు, 'ఇవ్వాలి' అనే ఉంది. 13ఎ డిక్లరేషన్ పాడైనా అంతే. దాని మీద సంతకం, ధ్రువీకరణ సరిగా లేకపోతే లెక్కింపు నాడు లోపలి కవరు విప్పనే విప్పరు.

మరి కాగితం పోతే? చిక్కంతా అక్కడే. చేరక తిరిగొచ్చిన కాగితాలను అధికారి మళ్లీ పంపవచ్చు గానీ, ఓటరు చేతిలోంచి పోయినదాని ఊసు ఆ నియమంలో లేదు. పోస్టల్ బ్యాలెట్ ఇచ్చినట్టు జాబితాలో గుర్తు పడ్డాక బూతులో ఓటూ ఉండదు. ఇది సరికాదని మా అభిప్రాయం. అది మారేదాకా, ముక్కలైనా సరే ఏరి అధికారి చేతికే ఇమ్మని ఈ రాత్రే ఇంట్లో చెప్పండి.