తాళంచెవి ఎవరి జేబులో ఉంది?



క్రిప్టో నాణేలను కొని అమ్మే ఎక్స్‌ఛేంజీలలో దొంగతనాలు ఎలా జరుగుతున్నాయి, అక్కడ నాణేలు దాచుకోవడంలో ఉన్న ప్రమాదమేమిటి అన్నది ఈనాటి మన పాఠ్యాంశం. ముందుగా మన జంషెడ్‌పూర్‌లో అందరికీ తెలిసిన ఒక సంగతితో మొదలుపెడదాం.

మీ నాన్నగారో తాతగారో కర్మాగారంలో పనిచేసి ఉంటే ఒకసారి అడిగి చూడండి. పెద్ద యంత్రానికి మరమ్మతు చేసేటప్పుడు, దాని స్విచ్చికి పనిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ సొంత తాళం వేస్తారు. తాళంచెవి తమ జేబులోనే ఉంచుకుంటారు. నలుగురుంటే నాలుగు తాళాలు. నాలుగూ తీస్తే తప్ప యంత్రం తిరగదు. తన ప్రాణానికి సంబంధించిన తాళంచెవిని ఎవరూ మరొకరికి ఇవ్వరు. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి.

బిట్‌కాయిన్ 2009లో మొదలయింది. దానికి లోహపు నాణెం లేదు, కాగితం నోటు లేదు. ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకే లెక్కల పుస్తకం ఉంటుంది. ఫలానా చిరునామాలో ఇన్ని నాణేలున్నాయని అందులో రాసి ఉంటుంది. ఆ నాణేలను కదిలించాలంటే ఒక రహస్య సంఖ్య కావాలి. దానినే రహస్య తాళంచెవి అంటారు. మనం వాలెట్ అని పిలిచే దానిలో నిజంగా ఉండేది నాణెం కాదు, ఈ తాళంచెవే. అది ఎవరి దగ్గర ఉంటే నాణెం వారి ఆధీనంలో ఉన్నట్లే. ఒకసారి నాణెం కదిలిపోతే దానిని వెనక్కి రప్పించడానికి బ్యాంకు మేనేజరులాంటి వారెవరూ ఉండరు.

మరి మీరు ఒక ఎక్స్‌ఛేంజీలో ఖాతా తెరిచి నాణెం కొన్నారనుకోండి. ఫోన్ తెరమీద మీ పేరిట ఒక అంకె కనబడుతుంది. కాని తాళంచెవి ఎక్స్‌ఛేంజీ దగ్గరే, లేదా అది నియమించిన సంస్థ దగ్గరే ఉంటుంది. మీ దగ్గర ఉన్నది అడిగినప్పుడు ఇస్తామన్న మాట మాత్రమే.

ఆ మాట చెల్లకుండా పోయిన సందర్భాలున్నాయి. జపాన్‌లోని టోక్యోలో నడిచిన మౌంట్ గాక్స్ అనే ఎక్స్‌ఛేంజీ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసింది. సుమారు 8,50,000 బిట్‌కాయిన్లు కనబడడం లేదని ప్రకటించింది. వాటిలో 2,00,000 ఆ తరువాత ఒక పాత వాలెట్‌లో దొరికాయి. ఖాతాదారులకు నాణేల చెల్లింపులు మొదలైంది 2024 జూలైలో. అంటే పదేళ్ల నిరీక్షణ. మన దేశంలో 2018 ఏప్రిల్‌లో ఢిల్లీకి చెందిన కాయిన్‌సెక్యూర్ సుమారు 438 బిట్‌కాయిన్లు పోగొట్టుకుంది.

మన దేశంలో అతి పెద్ద దెబ్బ 2024 జూలై 18న వజీర్‌ఎక్స్‌కు తగిలింది. ఒకే వాలెట్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు, అంటే సుమారు 2,000 కోట్ల రూపాయల విలువైన నాణేలు పోయాయి. ఆ వాలెట్‌కు ఒక్క తాళం కాదు, కర్మాగారంలో లాగానే పలు తాళాలున్నాయి. ఎక్స్‌ఛేంజీ తరఫున ముగ్గురు, భద్రపరిచే సంస్థ తరఫున ఒకరు సంతకం చేస్తేనే నాణెం కదులుతుంది. అయినా ఎలా పోయింది? సంతకం చేసినవారికి తెరమీద కనబడింది ఒకటి, నిజంగా సంతకం పడింది మరొకదాని మీద అని సంస్థ చెప్పింది. యంత్రం ఆగి ఉందని తప్పుడు బోర్డు చూపి నలుగురి చేతా తాళాలు తీయించినట్లన్నమాట. లోపం ఎవరి వైపు జరిగిందన్న విషయంలో ఎక్స్‌ఛేంజీ, భద్రపరిచే సంస్థ విభేదించాయి. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు ఒక సంయుక్త ప్రకటనలో దీనిని ఉత్తర కొరియా హ్యాకర్ల పనిగా పేర్కొన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పోయినవి ఎక్స్‌ఛేంజీ ఆస్తిలో సుమారు 45 శాతం. కాని ఇబ్బంది ఖాతాదారులందరికీ కలిగింది. తమ నాణెం దొంగలకు చిక్కనివారు కూడా దానిని బయటకు తీసుకోలేకపోయారు. వ్యవహారం సింగపూర్ న్యాయస్థానానికి వెళ్లింది. 2025 అక్టోబరులో గాని లావాదేవీలు తిరిగి మొదలు కాలేదు. సాక్చిలో కూర్చుని ఫోన్‌లో కొన్న నాణెం కోసం సింగపూర్ తీర్పు దాకా ఎదురు చూడవలసి వచ్చింది.

2025 జూలైలో కాయిన్‌డీసీఎక్స్‌లోనూ సుమారు 4.4 కోట్ల డాలర్ల చోరీ జరిగింది. అది ఖాతాదారుల సొమ్ము కాదని, నష్టం తామే భరిస్తామని ఆ సంస్థ ప్రకటించింది. అంటే సంస్థకు నిల్వధనం ఉంటే ఖాతాదారుడు గట్టెక్కవచ్చు. లేకపోతే మునిగిపోవచ్చు. అది ముందుగా మనకు తెలియదు.

బ్యాంకులో కూడా సొమ్ము పరాయి చేతిలోనే ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. బిష్టుపూర్‌లోని ఒక బ్యాంకులో మీరు దాచిన డిపాజిట్‌కు 2020 నుంచి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. ఎక్స్‌ఛేంజీలోని నాణేలకు అటువంటి బీమా లేదు. క్రిప్టో లాభాలపై 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉంది. పన్ను కడుతున్నాం కాబట్టి ప్రభుత్వం హామీ ఉన్నట్లే అనుకోవడం పొరపాటు.

అయితే తాళంచెవి మనమే ఉంచుకుంటే భయం లేదా? ఉంది. సాధారణంగా 12 లేదా 24 పదాల వరుసను కాగితంపై రాసి దాచుకోవాలి. అది పోతే నాణేలు పోయినట్లే. ఎవరికైనా చెప్పినా అంతే. ఫోన్ మోసాలకు దేశమంతటా పేరుమోసిన జామ్‌తారా మన జార్ఖండ్‌లోనే ఉందని మరచిపోకండి. ఎక్స్‌ఛేంజీకి కన్నం వేయడానికి గొప్ప నైపుణ్యం కావాలి. మీ చేత ఆ పదాలు చెప్పించడానికి తియ్యని మాటలు చాలు.

కాబట్టి నాలుగు మాటలు. పోతే ఇంట్లో ఇబ్బంది పడే సొమ్మును, ముఖ్యంగా ఫీజు డబ్బును, ఇందులో పెట్టవద్దు. ఎక్స్‌ఛేంజీని కొనుగోలు, అమ్మకాలకు వాడే అంగడిగా చూడాలి గాని దాచుకునే పెట్టెగా చూడరాదు. మీ రహస్య పదాలను ఫోటో తీయవద్దు, ఎవరికీ పంపవద్దు. మోసం జరిగిందని తెలిసిన వెంటనే సిగ్గుపడకుండా పెద్దవాళ్లకు చెప్పి 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము దొరికే ఆశ తగ్గుతుంది.

చివరిగా మీకొక చిన్న అభ్యాసం. మీ ఇంట్లో విలువైన వస్తువులు, పత్రాలు, పొదుపు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పట్టిక రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా రెండు ప్రశ్నలు వేసుకోండి: దీని తాళంచెవి ఎవరి జేబులో ఉంది? వారు పోగొడితే నష్టం ఎవరు భరిస్తారు? ఈ రెండింటికీ జవాబు చెప్పలేని చోట రూపాయి పెట్టే ముందు మరొక్కసారి ఆలోచించండి.