నొప్పి బిళ్ళల లెక్క



ఈ రజతోత్సవమున భారతమును గూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరిరి. కాని లెక్క చూపించుకొనుటకు నా యరుగు మీదికి వచ్చువారి సంచులలో నేడు నొప్పి బిళ్ళలే కనబడుచున్నవి. నాట్లు వేసి నడుము పట్టిన స్త్రీలకు, వల లాగి భుజము నొచ్చినవారికి, రొయ్యల గుంటల కావలివారికి అందరకును అదియే మందు. కావున దానిని గూర్చియే చెప్పెదను.

నేను వైద్యుడను కాను; లెక్కలు వ్రాయువాడను. ఒకే రైతు రెండు పేర్లతో లెక్కకెక్కిన యెడల పట్టుకొనుట మా వృత్తి. ఈ బిళ్ళలయందును అదియే చిక్కు. కాంబిఫ్లామ్, బ్రూఫెన్ వేర్వేరు మందులనుకొని రెండును మ్రింగువారు కలరు. రెండింటను ఉన్నది ఐబుప్రోఫెన్. జీరోడాల్-పి లో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ కలదు. దానిపై డోలో వేసికొన్నచో పారాసిటమాల్ రెండు మారులు పద్దు పడును. అట్టమీద వర్తకుని పేరును ఉండును, మందు పేరును ఉండును. మందు పేరే చదువవలయును.

వీనిలో తారతమ్యము లేకపోలేదు. ఐబుప్రోఫెన్ ఆరేడు గంటలు పనిచేయును. వైద్యుని నడుగక పెద్దలు దినమునకు 1200 మి.గ్రా. మించరాదు. న్యాప్రోక్సెన్ పండ్రెండు గంటలు నిలుచును. గుండెకు ముప్పు తక్కువ, కడుపునకు ఎక్కువ. వోవెరాన్‌లోని డైక్లోఫెనాక్ గుండెజబ్బు కలవారికి తగదు. నిమెసులైడును పండ్రెండేండ్ల లోపు పిల్లలకు ప్రభుత్వము 2011లో నిషేధించినది. పారాసిటమాల్ వాపును తీయదు గాని కడుపును బాధింపదు. మోతాదు మీరినచో కాలేయమును చెరచును.

ఇక ముఖ్యమైన సంగతి. ఈ మందులు దేహమున ప్రోస్టాగ్లాండిన్ అను పదార్థము పుట్టుటను అడ్డగించునని జాన్ వేన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1971లో కనుగొని, 1982లో నోబెల్ బహుమానము నందెను. నొప్పిని, వాపును పెంచునది ఆ పదార్థమే. కడుపులోని పొరను కాచునదియు అదియే. దేహము నీరు లేక ఎండినప్పుడు మూత్రపిండములకు రక్తము పారు నాళములను తెరచి యుంచునదియు అదియే. మిట్టమధ్యాహ్నము ఉప్పు కయ్యలో చెమటోడ్చి, నీరు త్రాగక బిళ్ళ మ్రింగినవాడు తన పైరుకు తూము తానే మూసికొన్నవాడగును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మూత్రపిండవ్యాధికి కారణ మిదియని నేటికిని తేలలేదు. ఈ బిళ్ళలే యని నేననను. కాని చెడిన మూత్రపిండమునకు ఇవి మరింత కీడు చేయుననుటలో సందేహము లేదు.

కావున మొదట నీడ, నీరు, ఉప్పు వేసిన మజ్జిగ. నొప్పి మిగిలినచో అన్నము తిన్న పిమ్మట ఒక బిళ్ళ. అంపశయ్యపై భీష్ముడు శల్యవైద్యులను పంపివేసి, మరునాడు నీరడిగెను. నీరడుగుటలో ఆయనను అనుసరింతము, వైద్యులను పంపివేయుట మాత్రము వలదు.

రక్తపుపోటు మందులు వాడువారు, కడుపులో పుండు కలవారు, గర్భిణులు వైద్యుని నడుగక వీనిని ముట్టరాదు. డెంగ్యూ అనుమానమున్న జ్వరమునకు పారాసిటమాల్ తప్ప తక్కినవి కూడదు. రక్తస్రావ భయము కలదు. మలము తారువలె నల్లగా వచ్చిననాడు వెంటనే ఆసుపత్రికి పోవలయును.

ఆంగ్లము రానివారు రేపు సాయంకాలము మీ యిండ్లలోని అట్టలను గ్రంథాలయమునకు తెండు. వార్తాపత్రికల బల్లయొద్ద కూర్చుండి, ఏ బిళ్ళలో ఏమున్నదో అట్టమీదనే తెలుగున వ్రాసి యిచ్చెదను.