సంఘానికి వెబ్‌సైటు: తేలికైన సాధనం ఎంచుకోవడం ఎలా?

(తునిలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మేము తనిఖీకి వెళ్లిన చోటల్లా ఒక ప్రశ్న ఎదురవుతోంది. "సంఘానికి వెబ్‌సైటు పెట్టుకుందామనుకుంటున్నామండీ, ఏ సాఫ్ట్‌వేరు తీసుకోమంటారు? ఎంతవుతుంది?" అని. మంచి ప్రశ్నే. కాని దానికి ముందు, వెబ్‌సైటు ఎవరి కోసమో తేల్చుకోవాలి.

వెన్న శాతాన్ని బట్టి రేటు పట్టిక, బిల్లుల చెల్లింపు తేదీ, దాణా నిల్వ, పశువైద్య శిబిరం, మహాజన సభ నోటీసు ఇవన్నీ కేంద్రం గోడమీద అంటిస్తున్నాం. తెల్లవారుజామున పాలు పోసి పరుగున ఇంటికి పోయే సభ్యురాలికి ఆ గోడ ముందు నిలబడే తీరిక ఎక్కడిది? అదే పట్టిక ఫోనులో ఉంటే, చేతిలోని చీటీని మధ్యాహ్నం తీరిగ్గా సరిచూసుకుంటుంది. లెక్క సరిచూసుకోగలిగిన సభ్యులే సంఘాన్ని నిలబెడతారు. కనుక మొదటి కొలత ఇది: రేటు మారిన రోజునే, మన కార్యదర్శి తన చేతులతో మార్చగలిగే సాధనమే మనకు తగినది.

ఈ కొలతతో సాధనాలను మూడు రకాలుగా చూద్దాం.

మొదటిది, కోడు రాయనక్కరలేకుండా బొమ్మలు, రాతలు తెర మీద కావలసిన చోట పెట్టుకునే రకం. గూగుల్ సైట్స్ ఇందులో ఒకటి. గూగుల్ ఖాతా ఉంటే చాలు, రుసుము లేదు, మన పేజీ మీద ప్రకటనలు రావు. విక్స్ కూడా ఈ రకమే. దాని ఉచిత పథకంలో మాత్రం ఆ కంపెనీ ప్రకటన మన పేజీపై కనిపిస్తుంది. అది వద్దంటే డబ్బు కట్టాలి.

రెండవది వర్డ్‌ప్రెస్. 2003లో వచ్చింది. సాఫ్ట్‌వేరు ఉచితమే. కాని సొంతంగా నడుపుకోవాలంటే దాన్ని ఉంచే చోటుకు అద్దె కట్టాలి, ఎప్పటికప్పుడు కొత్త మార్పులు ఎక్కించుకోవాలి. గేదెను ఉచితంగా ఇచ్చినా మేపు మనదే కదా! కంప్యూటరు తెలిసిన మనిషి సంఘంలో ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

మూడవది డ్రీమ్‌వీవర్ వంటివి. అది వెబ్‌సైట్ల తయారీని వృత్తిగా పెట్టుకున్నవారి పనిముట్టు. దానికి చందా కట్టాలి, నేర్చుకోవడానికి సమయం కావాలి. కొత్తవారికి అవసరం లేదు.

మా సలహా అడిగితే, మొదటి రకంతో ప్రారంభించండి. అయితే ఏ సాధనమూ శాశ్వతం కాదు. యాహూ వారి జియోసిటీస్‌లో లక్షలాదిమంది ఉచితంగా పేజీలు పెట్టుకున్నారు. 2009లో దాన్ని మూసివేశారు. గూగుల్ సైట్స్‌కు 2016లో కొత్త రూపం వచ్చింది, ఆ తర్వాత పాత రూపాన్ని ఆపివేశారు. కనుక పేజీలో పెట్టిన ప్రతి కాగితానికి, ఫొటోకు ఒక ప్రతి సంఘం కంప్యూటరులో విడిగా ఉండాలి.

తెలుగు అక్షరాల సంగతి కూడా చెప్పాలి. కరపత్రాలు కంపోజు చేసే డీటీపీ దుకాణాల్లో చాలాచోట్ల అను ఫాంట్లు వాడతారు. కాగితం మీద అవి చక్కగా ఉంటాయి. అదే రాతను వెబ్ పేజీలో పెడితే అర్థంకాని గుర్తులు వస్తాయి. వెబ్‌కు యూనికోడ్ తెలుగు కావాలి. 1991 నుంచి యూనికోడ్‌లో మన లిపి ఉంది. మన ఫోనులో టైపు చేసేది అదే. గిడుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. నోటీసును ఫొటో తీసి పెట్టి ఊరుకోకండి. అక్షరాలుగా ఉంటేనే వెతికితే దొరుకుతుంది, చూపు లేనివారికి ఫోను చదివి వినిపిస్తుంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది తాళంచెవి. మేము చూసిన ఒక సంఘంలో వెబ్‌సైటు తయారుచేసిన కుర్రవాడు చిరునామాను తన పేరు మీదే నమోదు చేయించాడు. ఉద్యోగం దొరికి ఊరు విడిచి వెళ్లాడు. గడువు దాటింది, రుసుము కట్టేవారు లేరు, వెబ్‌సైటు పోయింది. కుర్రవాడిది దురుద్దేశం కాదు. సంఘం తన ఆస్తిని తన పేరున ఉంచుకోలేదు, అంతే. కనుక ఖాతా, చిరునామా రెండూ సంఘం పేరునే ఉండాలి. పాలకవర్గం తీర్మానం రాసి, పాస్‌వర్డును సీలు వేసిన కవరులో బీరువాలో భద్రపరచాలి. పునరుద్ధరణ తేదీని రిజిస్టరులో ఎక్కించాలి.

చిరునామా కొనదలిస్తే డాట్ ఇన్ మనకు అందుబాటు ధరలోనే దొరుకుతుంది. సహకార సంస్థలకే ప్రత్యేకించిన డాట్ కోప్ కూడా 2002 నుంచి ఉంది. ఆనంద్‌లోని జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి మండలి చిరునామా దానితోనే ముగుస్తుంది. అయితే అది మొదటి రోజునే కావాలని లేదు.

ఒక హెచ్చరిక. సభ్యుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, ఫోను నంబర్లు పేజీలో పెట్టరాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. అందరికీ వర్తించే రేటు పట్టిక పెట్టండి. ఎవరి బిల్లు వారి చీటీలోనే ఉండాలి.

రెండు పూటలా పాలు పిండి చూడనిదే గేదెను తోలుకురాము. ఈ సాధనాన్నీ అలాగే చూడండి. ఒకే ఒక పేజీ పెట్టండి, అందులో రేటు పట్టిక ఒక్కటే ఉంచండి. రెండు నెలలు కార్యదర్శి స్వయంగా మార్చగలిగితే, సభ్యులు చూస్తుంటే, అప్పుడు రెండో పేజీ గురించి, ఖర్చు గురించి మహాజన సభలో మాట్లాడుకోవచ్చు. ఎవరూ మార్చని రేటు పట్టిక ఉండటం కన్నా లేకపోవడమే మేలు, ఎందుకంటే పాత రేటు చూసిన సభ్యురాలు సంఘాన్నే అనుమానిస్తుంది.