చేపల చెరువులో కలుపు, పాచి



చేలో కలుపు పంటను తగ్గిస్తుంది. చెరువులో కలుపు ఒక్క రాత్రిలో చేపలన్నిటినీ చంపగలదు. అందులోనూ ఎక్కువ ప్రమాదం దాన్ని ఒక్కసారిగా మందుతో చంపినప్పుడే.

కారణం చెబుతాను. నీటి మొక్కలు, పాచి పగటివేళ నీటిలోకి ప్రాణవాయువును విడుస్తవి. రాత్రి చేపలతోపాటు అవీ దానినే పీల్చుకుంటవి. అందుచేత తెల్లవారుజామున ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. అటువంటి చెరువులో కలుపునంతా ఒకేరోజు చంపితే, అది కుళ్ళుతూ మిగిలిన వాయువును కూడా హరిస్తుంది. బొచ్చె, శీలావతి పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నవంటే ఇదే సంగతి. వెంటనే మేత, ఎరువు ఆపి కొత్తనీరు పెట్టండి. కొత్తనీరు లేదా, పంపుతో చెరువునీటినే ఎత్తి పైనుంచి చిమ్మించండి.

గుర్రపుడెక్కను మనుషులను పెట్టి తీయించడమే మేలు. కూలి అవుతుంది, నిజమే. అయినా పూత రాకముందే తీయించాలి. దాని విత్తనం బురదలో ఏండ్ల తరబడి బ్రతికి ఉంటుంది. తీసినదాన్ని గట్టుమీదనే వదిలితే వానకు మళ్ళీ నీళ్ళలోకే జారుతుంది. దూరంగా గోతిలో వేసి, పేడ కలిపి కంపోస్టు చేసుకోండి. ఒక్క పిలక మిగిలినా అల్లుకుంటుంది గనుక 15 రోజులకొకసారి చెరువు చుట్టూ తిరిగి చూడండి. నీరు వచ్చే తూము దగ్గర వల కట్టడం మరువకండి.

నీటి అడుగున తీగలు సాగే నాచుకు గడ్డిచేప ఉన్నది. 1959లో మన దేశానికి తెచ్చిన చేప ఇది. నాచును ఇష్టంగా మేస్తుంది. గుర్రపుడెక్క జోలికి అంతగా పోదు. వేలెడు పిల్లలను వదిలితే కొర్రమీను పాలౌతవి. జానెడు పిల్లలను వదలండి.

ఇక పాచి. నీరు కొద్దిగా పచ్చబడితే బెంగ అక్కరలేదు, అది చేపలకు మేతే. చేతిని నీటిలో ముంచండి. మోచేయి మునగకముందే అరచేయి కనిపించకుండా పోతే పాచి మితిమీరిందన్నమాట. పేడ, సూపర్ ఫాస్ఫేటు కొన్నాళ్ళు ఆపండి. మైలుతుత్తం చల్లమని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. నీటిని పరీక్ష చేయించకుండా చల్లితే పాచితోపాటు చేపలూ పోతవి. మత్స్యశాఖవారిని అడగనిదే దాన్ని ముట్టకండి.

నీటిమీద పచ్చని మీగడలాగా పాచి పేరుకుంటే మాత్రం పశువులను ఆ చెరువుకు తోలకండి. కొన్నిరకాల పాచిలో విషముంటుంది.