క్రీడారంగమున ద్యూతప్రకటనలు: మన బాలురు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



సంక్రాంతి సెలవులలో మన వసతిగృహ విద్యార్థులకు సంఘము జరుపు క్రికెట్టు పోటీలను మీరందఱు నెఱుగుదురు. 2024వ సంవత్సరమున ఒక పెద్దమనుష్యుడు వచ్చి, ఆటగాండ్రకందఱకు చొక్కాలు ఉచితముగా నిప్పించెదననియు, వానిపై నొక క్రీడావార్తల సంస్థ పేరు ముద్రింపనిచ్చిన చాలుననియు చెప్పెను. వార్తలే కదా యని మేము సమ్మతించితిమి. కోశాధికారిగారు మిక్కిలి సంతసించిరి. నెల తిరుగకమునుపే పదునేడేండ్ల విద్యార్థి యొకడు, పరీక్షరుసుమునకై తండ్రి పంపిన సొమ్ము పోగొట్టుకొని మాయొద్ద కన్నీరు పెట్టుకొనెను. చొక్కామీది పేరును సెల్‌ఫోనులో వెదకగా వార్తలకు మాఱు పందెముల అంగడి తెఱచుకొనెనట. ఆ చొక్కాను వానికి తొడిగినది మేమే.

ఈ వేషము మన యూర పుట్టినది కాదు. పందెపు సంస్థలు వార్తాసంస్థల పేరిట ప్రకటన లిచ్చుచున్నవని కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ 2022లోనే హెచ్చరించినది. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను ఆన్‌లైను జూదము నిషేధింపబడెను. కాని చట్టమునకు ఎల్లలు గలవు, టెలివిజనుకు లేవు. డబ్బు కట్టి ఊహాజట్లను కూర్చుకొను ఆటను నడపిన డ్రీమ్ ఎలెవన్ సంస్థ 2020లో ఐ.పి.ఎల్. పోటీలకును, 2023 నుండి భారతజట్టు చొక్కాకును పోషకురాలయ్యెను. అది నేర్పుతో కూడిన ఆటయే యని వాదించువారు గలరు; కొన్ని న్యాయస్థానములును అట్లే తీర్పు చెప్పినవి. అట్లే యగుగాక. పదునేడేండ్లవానికి ఆ భేద మెవరు బోధింతురు?

భారతకథలో ధర్మరాజును జూదమునకు పిలువ ధృతరాష్ట్రుడు శకునిని పంపలేదు, విదురుని పంపెను. పూజ్యుడు తెచ్చిన పిలుపును త్రోసివేయుట కష్టము. అయినను విదురుడు ఆ జూదము కీడని దాపఱికము లేక చెప్పెను. నేటి ప్రకటనలోని క్రీడాకారుడు మన బాలునకు విదురునివలెనే పూజ్యుడు. హితవు మాత్రము చిట్టచివర చిన్న యక్షరములలో పరుగుపరుగున వచ్చెడిది. దానిని మామూలుగా మాటలాడు వేగముననే చదువవలెనని 2020లో ప్రకటనకర్తల మండలి నియమమే చేయవలసివచ్చెను!

2025 ఆగష్టు 22న రాష్ట్రపతి ఆమోదము పొందిన కేంద్రచట్టము, నేర్పుదైనను అదృష్టముదైనను, డబ్బు పెట్టి యాడు ఆన్‌లైను ఆటల నన్నిటిని నిషేధించినది. వానిని ప్రకటించువారికి రెండేండ్లవఱకు చెఱ, 50 లక్షల రూపాయలవఱకు జుల్మానా. పిదప భారతజట్టు చొక్కాపై ఆ పేరు తొలగెను. మాఱుపేర్లతో వచ్చు అంగళ్లమాట వేఱు. వానిని కనిపెట్టుటకు ఢిల్లీవారు మన సంక్రాంతి పోటీలకు రారు.

కావున ఇకమీదట దాత యెవరైనను, పేరు ముద్రింపకమునుపు కార్యదర్శిగారు ఆ పేరును విద్యార్థులయెదుటనే వెదకి చూడవలెనని ఈ మహాసభవారు తీర్మానింప ప్రార్థించుచున్నాము. ఆ విద్యార్థి పరీక్షరుసుమును సంఘనిధినుండి చెల్లించితిమి. ఆ సంవత్సరపు లెక్కలలో 'ఇతరములు' అను పద్దున నున్నది అదియే. చొక్కాలు ఇప్పటికిని వసతిగృహపు కొట్టుగదిలో మూటగట్టి యున్నవి. గుడ్డ మంచిది. వాని నేమి చేయవలెనో సభవారే సెలవీయవలెను.