జీబ్రా చారలు – జోరీగ



మధ్యాహ్నవేళ చెట్టునీడను కట్టిన యెద్దు ఏమి చేయుచుండునో మీకు నేను చెప్పనక్కఱలేదు. తోక విసరును, చర్మము జలదరించును, కాలు నేలకు తన్నును. జోరీగ దానిని నిలువనీయదు. ఆ యీగను మనస్సునం దుంచుకొని నాతోడ ఆఫ్రికాఖండమునకు రండు.

అచ్చటి మైదానములలో జీబ్రా యను మృగము గుంపులుగా మేయుచుండును. ఆకారమున గుఱ్ఱమువంటిది, మేనినిండ నలుపు తెలుపు చారలు. ఈ చార లేల? సింహమునకు కనబడకుండుటకని నేను బాల్యమున చదువుకొంటిని, చాలకాలము నమ్మితిని. సంధ్యవేళ చారలు మృగమును మఱుగుపఱచునని వాలెస్ పండితుడును వ్రాసెను. బయలు మైదానమున చారలు రక్షణ కాజాలవని డార్విను మాత్రము 1871లోనే సందేహించెను.

2016లో కొందఱు శాస్త్రజ్ఞులు సింహపు కంటిచూపును లెక్కగట్టిరి. పగటివేళ 50 మీటర్లు, సంధ్యవేళ 30 మీటర్లు దాటినచో సింహమునకు ఆ చారలు విడివిడిగా కానరావని తేలెను. అంత దగ్గఱకు వచ్చిన సింహము వాసనచేతనో చప్పుడుచేతనో వేటను ముందే కనిపెట్టియుండును. ఇక చారలు దాచున దేమి?

వేఱొక పక్షమువారు జోరీగను అనుమానించిరి. ఆఫ్రికాలో ఈగలు గుఱ్ఱపుజాతికి ప్రాణాంతకములగు రోగములను మోసికొనివచ్చును. 2019లో ఇంగ్లండునందు గుఱ్ఱములకు చారల గుడ్డ కప్పి చూచిరి. గుడ్డమీద ఈగలు మిక్కిలి తక్కువగా వ్రాలెను. కప్పని తలమీద మాత్రము ఎప్పటివలెనే వ్రాలెను. ఆ సంవత్సరముననే జపానులో ఆరు నల్లని ఆవులతో పరీక్ష జరిపిరి. తెల్లచారలు పూసినప్పుడు ఈగకాటులు ఇంచుమించు సగమునకు తగ్గెను. రంగువాసనకే ఈగలు తొలగెనేమో యని నల్లరంగు చారలును పూసి చూచిరి. వానివలన ఫలము లేకపోయెను.

ఇది విని రేపే మీ యెడ్లకు రంగులు పూయకుడు. ఆరు ఆవుల పరీక్ష చిన్నది; ఆ రంగు కొలదిదినములలో వెలసిపోవునది. చారను చూచి ఈగ యేల తడబడునో యింకను పూర్తిగా తేలలేదు. ఎండవేడిమిని తగ్గించుకొనుటకే చారలు ఏర్పడెనను వారును కలరు.

నేను పరిణామ సిద్ధాంతమును కాదనుట లేదు. ప్రాణులు తరతరములుగా మారుచు వచ్చెననుట నిజము. కాని యొక గుణమును చూచి, అది యిందుకే పుట్టెనని కథ కట్టుట సులభము. ఆ కథను పరీక్షకు నిలుపుట కష్టము. సంతలో ఎద్దును కొనబోవు రైతు అమ్మువాని మాటతోనే రూకలు చెల్లించునా? పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి మోపి చూచును. పండితులు చెప్పు కారణమును గూడ అట్లే చూడవలెను. మీ మనుమలు బడినుండి వచ్చి "ఇది యిందుకే" యనినప్పుడు, "ఎవరు చూచిరి నాయనా? ఎట్లు చూచిరి?" అని యడుగుడు. ఆ యొక్క ప్రశ్న వారికి చాలకాలము ఉపయోగపడును.

ఇక సెలవు.