నిమిషాల లెక్క



2024 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఒక లెక్క తేల్చింది. నర్సింగ్ హోమ్‌లో ఉండే ప్రతి మనిషికీ సగటున రోజుకి కనీసం 3.48 గంటల సేవ అందాలి. అంటే దాదాపు 209 నిమిషాలు. అందులో రిజిస్టర్డ్ నర్సు వాటా 33 నిమిషాలు, నర్సింగ్ అసిస్టెంట్ల వాటా 147 నిమిషాలు. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన బస్టాండు పక్కన ఉండే ప్రైవేటు ఆసుపత్రి కాదు. మంచం దిగలేనివాళ్లు, చేత్తో ముద్ద ఎత్తుకోలేనివాళ్లు, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు నెలలూ ఏళ్లూ గడిపే చోటు. దేశం మొత్తంమీద అలాంటివి 15,000 దాకా ఉన్నాయి. వాటిలో ఉంటున్నవాళ్లు సుమారు 12 లక్షల మంది.

ఆ 147 నిమిషాలు ఎలా ఖర్చవుతాయో నర్సింగ్ చదివినవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన ఒక పెద్దావిడకు స్పూనుతో కొంచెం కొంచెంగా తినిపించాలి. పొలమారకుండా చూస్తూ పెడితే పూటకి అరగంట. మూడు పూటలకి 90 నిమిషాలు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. ఒక్కోసారికి నాలుగు నిమిషాలు వేసుకున్నా, రోజుకి పన్నెండు సార్లకి 48. ఇక మిగిలింది తొమ్మిది నిమిషాలు. స్నానం, బట్టలు మార్చడం, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం, తల దువ్వడం అన్నీ అందులోనే. ఒక అసిస్టెంటు సెలవు పెట్టిన రోజున ఈ జాబితాలో ముందు ఎగిరిపోయేది స్నానం. తర్వాత ఒత్తిగిలింపు. వారం తిరిగేసరికి తుంటి దగ్గర చర్మం ఎర్రబడుతుంది.

ఆ కనీసపు లెక్క కూడా అమల్లోకి రాలేదు. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఒక ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన బడ్జెట్ చట్టం దాని అమలును 2034 దాకా ఆపింది. డిసెంబరులో ప్రభుత్వమే ఆ నిబంధనను రద్దు చేసింది. మనుషులు దొరకరు, దొరికినా జీతాలకు డబ్బు చాలదు అన్నది యాజమాన్యాల వాదన.

డబ్బు మాట వస్తే మెడికెయిడ్ దగ్గరికి వెళ్లాలి. పేదల వైద్యం కోసం 1965లో మొదలైన ఈ పథకానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం, రాష్ట్రాలు కలిసి ఖర్చు పెడతాయి. వయసు మళ్లినవాళ్లకు ఉండే మెడికేర్ నర్సింగ్ హోమ్ ఖర్చును మహా అయితే వంద రోజులే భరిస్తుంది. ఆ తర్వాత దాచుకున్నదంతా కరిగిపోయినవాళ్లకు మెడికెయిడే దిక్కు. నర్సింగ్ హోమ్‌లలో ప్రతి పదిమందిలో ఆరుగురి ఖర్చు అదే భరిస్తోంది. అలా చేరినవాళ్లు తమకొచ్చే పింఛను దాదాపు మొత్తం అక్కడ కట్టేయాలి. చేతిఖర్చుకి కేంద్రం ఖాయం చేసిన కనీస మొత్తం నెలకి 30 డాలర్లు. 1988 నుంచి అది పెరగలేదు. చాలా రాష్ట్రాలు దయతలచి మరికొంత కలుపుతున్నాయి.

ట్రంప్ సంతకం చేసిన ఆ 2025 బడ్జెట్ చట్టంతో పదేళ్లలో మెడికెయిడ్‌కి కేంద్రం ఇచ్చేది సుమారు 90 వేల కోట్ల డాలర్లు తగ్గుతుందని అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా. ఈ కోత నేరుగా నర్సింగ్ హోమ్‌ల పేరు మీద పడలేదు కానీ, తిరిగి తిరిగి వాటి గుమ్మం దగ్గరికి వస్తుంది. కేంద్రం వాటా తగ్గితే రాష్ట్రాలు ఎక్కడో ఒకచోట కుదించుకోవాలి. నర్సింగ్ హోమ్ సేవ చట్టప్రకారం తప్పనిసరి. ఇంటికొచ్చి చేసే సేవల్లో ఎక్కువ భాగం రాష్ట్రం ఇష్టం. అందుకే ముందు ఇంటి సేవలకు కత్తెర పడే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంట్లోనే నెట్టుకురాగలిగినవాళ్లు కూడా నర్సింగ్ హోమ్‌కి చేరతారు, అక్కడేమో మెడికెయిడ్ చెల్లించే రేట్లు పెరగవు. ఇంకొకటి: దరఖాస్తుకి ముందు మూడు నెలల ఖర్చును మెడికెయిడ్ ఇప్పటిదాకా వెనక్కి లెక్కగట్టి ఇస్తోంది. 2027 నుంచి వృద్ధులకు అది రెండు నెలలే. ఆసుపత్రి నుంచి హఠాత్తుగా వచ్చి చేరిన మనిషి కాగితాలు పోగయ్యేలోపు ఆ మూడో నెల బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పక్కర్లేదు.

రేట్లు చాలకపోతే ఏమవుతుందో మోంటానా రాష్ట్రం ముందే చూసింది. 2022 ఒక్క ఏడాదిలో అక్కడ 11 నర్సింగ్ హోమ్‌లు మూతపడ్డాయి. సిబ్బంది కొరత, మెడికెయిడ్ ఇచ్చేది ఖర్చుకి చాలకపోవడం వాటి ముఖ్య కారణాలు. ఊళ్లు దూరదూరంగా ఉండే ఆ రాష్ట్రంలో సొంత ఊరి నర్సింగ్ హోమ్ పోతే, భార్యని చూసిరావడానికి ముసలి భర్త గంటల తరబడి కారు నడపాల్సిందే. రాష్ట్రం చేయించిన అధ్యయనం అసలు ఖర్చెంతో లెక్క తీశాక, 2023లో శాసనసభ రేట్లు పెంచింది.

అలాగని డబ్బు పోస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయనీ కాదు. ఇలినాయ్ నర్సింగ్ హోమ్‌ల పద్దులు తిరగేసిన ఆర్థికవేత్తలు, యజమానులు తమ సొంత కంపెనీలకే ఎక్కువ అద్దెలూ ఫీజులూ కట్టి, లాభాల్లో సుమారు 63 శాతాన్ని అలా దాచేస్తున్నారని 2024లో తేల్చారు. నిధులు కోసేవాళ్లకీ, మింగేవాళ్లకీ మధ్య నలిగేది ఆ 147 నిమిషాలే.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అని తీసిపారేయడానికి లేదు. ఈ రోజు నర్సింగ్ పట్టా అందుకుంటున్నవాళ్లలోనే విదేశీ ఉద్యోగానికి సిద్ధమవుతున్నవాళ్లు ఉంటారు. పిల్లల దగ్గరికి గ్రీన్ కార్డు మీద వెళ్లే తెలుగు తల్లిదండ్రులకు సాధారణంగా మొదటి ఐదేళ్లు మెడికెయిడ్ అందదు; పక్షవాతం అయిదేళ్లు ఆగి రాదు. ఇక్కడ తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమానికి వచ్చిన మన 2007 చట్టం జిల్లాకో వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు అని రాసింది. కట్టడం ఒక ఎత్తు, అందులో రాత్రిపూట ఎవరుంటారన్నది ఇంకో ఎత్తు.

అందుకే వెళ్లేవాళ్లు ఒప్పందం మీద సంతకం పెట్టేముందు జీతం, వీసాలతో పాటు మరో రెండు సంగతులు అడగాలి: నైట్ డ్యూటీలో ఒక నర్సుకి ఎంతమంది, ఏడాదిలో ఎంతమంది మానేశారు. అమెరికా ప్రభుత్వపు కేర్ కంపేర్ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొడితే, జీతాల రికార్డుల నుంచి తీసిన సిబ్బంది గంటలు శని, ఆదివారాల లెక్కతో సహా, ఎంతమంది మానేశారన్న లెక్కా కనిపిస్తాయి. ఇక్కడే పనిచేసేవాళ్లు చేసిన పనితో పాటు మనుషులు లేక చెయ్యలేకపోయిన పనిని కూడా తేదీ, టైము వేసి రిపోర్టు పుస్తకంలో రాయాలి. రేపు బడ్జెట్ కోసం వాదించేవాళ్లకి కావలసిన ఆధారం అదే.